‘తగ్గేదే లే’ - ఒక జనవాక్యమునకు కలిగిన నానార్థములు

సామాజిక మాధ్యమములలో పుట్టియో, అచ్చటికి చేరియో, కొలది దినములలో కోట్లాది జనుల నోట నానుచుండు పలుకులు పరిశోధన వ్యాసమునకు తగిన వస్తువులగునా యని కొందరు పెద్దలు శంకింపవచ్చును. శాసనములు, వలస చరిత్రలు, జానపద గేయములు మొదలగు వానిని పరిశీలింపవలసిన ఇట్టి సంచికలో చలనచిత్రమునుండి వెలువడిన రెండు మాటలకు చోటేల యని వారడుగుట న్యాయమే. నేనును కొంతకాలము క్రిందటివరకు అట్లే తలచినవాడను. మా పాఠశాలలో జరిగిన యొక చిన్న సంగతి నా అభిప్రాయమును మార్చినది. దానిని ముందు మనవిచేసి, పిదప విషయములోనికి ప్రవేశింతును.

1. బడిలో జరిగిన సంగతి

హొసూరు ప్రాంతపు తెలుగువారి స్థితి ఈ సంచిక పాఠకులకు తెలియనిది కాదు. మూడు రాష్ట్రములు కలియు చోట మేమున్నాము. మాకు ఇంటిలో తెలుగు, అంగడిలో తమిళ కన్నడములు, ఉద్యోగమునకు ఆంగ్లము. 2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన తమిళ అభ్యసన చట్టమువలన ఒకటవ తరగతి మొదలు ఏటేట ఒక్కొక్క తరగతి చొప్పున తమిళము నిర్బంధ పాఠ్యమైనది. రాష్ట్రభాషను నేర్వమని మేమెన్నడును అనలేదు. కాని మా వంటి బడులలో తెలుగు చదువునకు, వ్రాతకు దొరకు సమయము కుంచించుకొనిపోయినది. తెలుగు వినుటకు మాత్రము కొరత లేదు. పిల్లల చేతిలో సెల్‌ఫోను ఉన్నది. దానిలో తెలుగు రేయింబవళ్ళు మ్రోగుచున్నది. చదువుట తగ్గి వినుట పెరిగిన తరమునకు నేను తెలుగు చెప్పుచున్నాను.

ఒకనాడు ఎనిమిదవ తరగతికి లేఖారచన పాఠము చెప్పవలసి వచ్చెను. పరీక్ష కొరకు కల్పించి వ్రాయు లేఖలకంటె తపాలా పెట్టెలో నిజముగా వేయదగిన లేఖలు వ్రాయించిన మేలని తలచి, పిల్లలకు తలకొక పోస్టుకార్డు ఇచ్చితిని. ఒక బాలుడు కుప్పము చెంతనున్న పల్లెలో జ్వరముతో మంచము పట్టిన తన తల్లి తండ్రికి వ్రాసెను. క్షేమసమాచారములు ముగిసిన పిదప చిత్తుప్రతి చివర, పెద్ద పెద్ద అక్షరములతో, "తాతా, తగ్గేదే లే!" అని వ్రాసి సంతకము చేసెను.

నేను ఉపాధ్యాయుడను గనుక నా కన్ను ముందుగా ‘లే’ మీద పడినది. వ్రాతలో అది తగదని చెప్పి, దానిని కొట్టివేసి, ‘లేదు’ అని దిద్దితిని. బాలుడు నేను దిద్దినట్లే కార్డుమీద ఎత్తి వ్రాసి, ఆ సాయంత్రమే తపాలా పెట్టెలో వేసెను. చిత్తుప్రతిని ఇంటికి తీసికొనిపోయి తన తండ్రి తల్లికి చదివి వినిపించెను. మరునాడు ఉదయము ఆ అవ్వ బడికి వచ్చి నన్ను నిలదీసినది: "ఏం సారూ, జరంతో పండుకోనుండే మా వియ్యంకునికి తగ్గేదే లేదని రాపిస్తిరే! ఇది దీవెనా, శాపమా?"

నాకు నోట మాట రాలేదు. బాలుని పిలిచి యడుగగా, వాడు, "తాత రోగానికి తగ్గడు సార్, నేను రాసింది అదే" అనెను. వాడు తలచినది తాత ధైర్యము. ఆమె వినినది జ్వరము కుదురదను మాట. ఇద్దరును తెలుగువారే, ఒక్క ఇంటివారే, ఇద్దరి అర్థములును తెలుగునకు న్యాయమైనవే. అక్షరమును దిద్దిన నాకు ఈ రెండు అర్థములలో ఒక్కటియు కనబడలేదు. ఈ లోపమే ఈ విచారణకు మూలము.

2. పలుకు పుట్టిన చోటు

‘తగ్గేదే లే’ అను పలుకు 2021 డిసెంబరు 17వ తేదీన విడుదలయిన ‘పుష్ప’ మొదటి భాగముతో దేశమంతట ప్రసిద్ధికెక్కినది. దర్శకుడు సుకుమార్, కథానాయక పాత్రధారి అల్లు అర్జున్. కథ శేషాచలము అడవులలో ఎర్రచందనమును దొంగతనముగా నరికి తరలించు కూలీల నడుమ నడచును. పాత్రల భాష చిత్తూరు మండలపు యాస. తెలుగుతోపాటు తమిళ, కన్నడ, మలయాళ, హిందీ భాషలలోను ఆ చిత్రము ప్రదర్శింపబడినది. 2023 ఆగస్టులో ప్రకటింపబడిన 69వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఈ పాత్రకే ఉత్తమ నటుడను గౌరవము దక్కినది. తెలుగు నటునకు అది లభించుట అదియే ప్రథమము. రెండవ భాగము 2024 డిసెంబరు 5న వెలువడినది.

కథలో ఈ పలుకునకు గల స్థానమును విమర్శకులు మరువరాదు. పుష్పరాజు కూలివాడు. తండ్రి ఇంటిపేరు వానికి దక్కలేదు. పెండ్లి నిశ్చయమగు వేళ సయితము ఆ కొరతనే ఎత్తి చూపి పదుగురిలో తల్లిని, వానిని అవమానింతురు. ఇంటిపేరు లేనివాడు తల వంచుకొని తిరుగవలెనని లోకము కోరును. వాడు గడ్డము క్రింద చేయి త్రిప్పి, వంచనని చెప్పును. కావున ఈ పలుకునకు మొదటి అర్థము అవమానితుని ఆత్మగౌరవము. వాడు ఎంచుకొన్న వృత్తి చట్టవిరుద్ధమైనది. వాని గర్వమునందు న్యాయమును, నేరమును పెనవేసికొని యున్నవి. రచయిత ఈ చిక్కును తీర్చక యట్లే యుంచినాడు. కథలో ఈ మాట వినునపుడు మనకు కలుగు సంతోషములో కొంత బెరుకు కూడ నుండుట అందువలననే.

యాసను గూర్చియు ఒక్క మాట చెప్పవలెను. చాలకాలము మన చలనచిత్రములలో నాయకుడు కోస్తా మండలముల శిష్టభాషను పలుకగా, ఇతర మండలముల పలుకుబడి హాస్యగానికో, దుష్టపాత్రకో దక్కుచుండెను. ఇచ్చట నాయకుడే చిత్తూరు మాట పలికినాడు. కుప్పమునకును హొసూరునకును నడుమ నున్నది రాష్ట్రముల సరిహద్దేగాని భాషల సరిహద్దు కాదు. నేను ఎర్రసిరాతో కొట్టివేసిన ‘లే’ మా ఇండ్లలో అవ్వలు, తాతలు నిత్యము పలుకునదే. పిల్లవాడు దానిని సినిమానుండి తెచ్చినాడని తలచితిని; నిజమునకు సినిమాయే దానిని మా వంటి పల్లెలనుండి తీసికొనిపోయినది.

3. కర్త లేని వాక్యము

ఇక పలుకును విప్పి చూతము. ‘తగ్గు’ ధాతువు, ‘తగ్గెడిది’ వాడుకలో ‘తగ్గేది’ అయినది, దానిపై నిశ్చయమును తెలుపు ఏకారము చేరినది, చివర ‘లేదు’ అనుటకు మారుగా ‘లే’. తగ్గుట యనునదియే లేదని దీని భావము.

ఈ వాక్యములో కర్త లేడు. తగ్గనిది నేనా, నీవా, వాడా, వారా, వెలయా, వానయా? వాక్యము చెప్పదు. పురుషము లేదు, లింగము లేదు, వచనము లేదు. ఎవరికి తగ్గుటయో తెలుపు పదమును లేదు. ‘నేను వానికి తగ్గను’ అని పుష్పరాజు చెప్పియుండినచో అది ఆ కథతోనే యుండెడిది. అంగడిలోని టమాటాకు, ఆటస్థలములోని ఆటగానికి అది చెల్లెడిది కాదు. కర్తయు, సంప్రదానమును లోపించుటచేతనే ఈ వాక్యము తాళము లేని ఇల్లువలె ఎవ్వరు వచ్చినను లోనికి రానిచ్చినది. నానార్థములకు మొదటి కారణమిది.

రెండవ కారణము ధాతువులోనే యున్నది. తెలుగున జ్వరము తగ్గును, వెల తగ్గును, వాన తగ్గును, కోపము తగ్గును, ఒళ్ళు తగ్గును, చూపు తగ్గును. వీనిలో తగ్గుట కొన్నిట మేలు, కొన్నిట కీడు. జ్వరము తగ్గుట సంతోషము. చూపు తగ్గుట దుఃఖము. మనిషి తగ్గుట రెండు విధముల నుండును: పెద్దల యెదుట తగ్గుట వినయము, దుర్మార్గుని యెదుట తగ్గుట లొంగుబాటు. ఇన్ని దారులున్న ధాతువును కర్త లేని వాక్యములో నిలిపినపుడు, వినువాడు తన దారిని తానే వెదకికొనవలెను. మా అవ్వ వియ్యంకుని జ్వరమును తలచుకొన్నది. బాలుడు సినిమాను తలచుకొన్నాడు.

4. పలుకు పోయిన దారులు

2021 చివరినుండి ఈ పలుకు ఏయే అర్థములను పొందినదో క్రమముగా చూతము.

మొదటిది, పైన చెప్పిన ఆత్మగౌరవము.

రెండవది, పోటీలో వెనుకాడమను ఉత్సాహము. సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టున 2021 వరకు ఆడిన ఆస్ట్రేలియా క్రికెటరు డేవిడ్ వార్నరు ఈ గడ్డపు సైగను అనుకరించి చూపగా లోకమంతయు చూచినది. ఇచ్చట అవమానము లేదు, కులగోత్రముల ప్రశ్న లేదు. ఆటలోని హుషారు మాత్రమే కలదు. మాట కూడ అక్కరలేక సైగయే మాటకు బదులు నిలిచినది.

మూడవది, హితోపదేశము. 2022 జనవరిలో కోవిడ్ మరల చెలరేగినపుడు కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖ ఈ పాత్ర బొమ్మతో, ఏ రకపు వైరసు వచ్చినను ముఖమునుండి మాస్కు తీయనను భావము గల చిత్రమును ప్రచురించెను. చట్టమునకు తల యొగ్గనివాని మాట చట్టమును పాటింపుడని చెప్పుటకు వినియోగపడినది. ఇంతకంటె అర్థవిపర్యయము వేరొకటి కానరాదు. అయినను చూచినవారెవ్వరును తికమకపడలేదు, నవ్వి, గ్రహించిరి.

నాల్గవది, వెలలపై మొర. 2023 జూలైలో టమాటా కిలో 100 రూపాయలు దాటినపుడు మా ఊరి వాట్సాప్ బృందములలో టమాటాకు గడ్డము తగిలించి ఈ పలుకును జతచేసిరి. ఇచ్చట ధాతువు తన పాత అర్థమునకే మరలినది. టమాటా పండించు రైతు ఆ చిత్రమును చూచి సంతోషించినాడు, కొనువారు నిట్టూర్చిరి. ఒకే చిత్రము, ఒకే మాట. వినువాని సంచిలో డబ్బు వచ్చునదా పోవునదా యను దానినిబట్టి అర్థము మారినది.

ఐదవది, వెక్కిరింత. ఓడిపోయి గూడ బింకము వదలనివానిని చూపి, పక్కనున్నవాడు మెల్లగా ఈ మాట అనును. మెచ్చుకోలుగా పుట్టినది ఎత్తిపొడుపయినది. ఈ అర్థము అక్షరములలో లేదు, కంఠస్వరములో నున్నది. వ్రాతలో కంఠస్వరము లేదు గనుక, ఫోనులో ఈ పలుకును చదివినవానికి తనను మెచ్చిరో వెక్కిరించిరో తెలియక స్నేహితుల నడుమ పట్టింపులు వచ్చుట నేను మా బడిలోనే చూచితిని.

5. ప్రాచీనులు చెప్పిన తెరవు

ఒకే మాటకు పలు అర్థములు కలుగుట మన పూర్వులకు క్రొత్త కాదు. వారు దీనిని రెండు విధములుగా విచారించిరి. ‘సైంధవము తెమ్ము’ అను ప్రసిద్ధోదాహరణము మొదటిది. భోజనవేళ ఈ మాట వినిన సేవకుడు ఉప్పు తేవలెను. ప్రయాణవేళ వినినచో గుర్రమును తేవలెను. సైంధవ శబ్దమునకు రెండర్థములును నిఘంటువులోనివే. ఏది గ్రహింపవలెనో ప్రకరణము చెప్పును. భర్తృహరి వాక్యపదీయమున ఇట్టి నిర్ణయమునకు తోడ్పడు సాధనములను లెక్కించుచు సాహచర్యము, విరోధము, ప్రకరణము, ఔచిత్యము, దేశము, కాలము, స్వరము మొదలగు వానిని పేర్కొనినాడు.

రెండవ విధమునకు మమ్మటుడు కావ్యప్రకాశమున చూపిన ఉదాహరణము చాలును. సూర్యుడస్తమించినాడను ఒక్క మాటను పలువురు వినినపుడు, పసులకాపరికి మందను ఇంటికి తోలవలెననియు, అనుష్ఠానపరునకు సంధ్య వార్చవలెననియు, అంగడివానికి సరకు కట్టిపెట్టవలెననియు, ఎదురుచూచు నాయికకు ప్రియుడు వచ్చు వేళయైనదనియు స్ఫురించును. ఇచ్చట శబ్దమునకు అర్థమొక్కటియే, వ్యంగ్యములు అనేకము.

‘తగ్గేదే లే’ యందు ఈ రెండు విధములును కలిసియున్నవి. జ్వరము, వెల, మనిషి అను భేదము సైంధవము వంటిది. ఆత్మగౌరవము, హుషారు, వెక్కిరింత యను భేదము సూర్యాస్తమయము వంటిది. రెండు పొరలు ఒకదానిపై నొకటి యుండుటచేత ఈ పలుకును గ్రహించుటకు రెండింతల నేర్పు కావలెను.

అయితే పూర్వుల ఉదాహరణములకును నేటి స్థితికిని ఒక భేదమున్నది. మమ్మటుని కాపరియు, అంగడివాడును చూచు సూర్యుడొక్కడే. చెప్పువాడును వినువాడును ఒకే సంధ్యలో నిలిచియున్నారు. సైంధవము తెమ్మన్న యజమాని ముందు విస్తరి యున్నదో, ప్రయాణపు మూట యున్నదో సేవకుడు కన్నులార చూచుచున్నాడు. సెల్‌ఫోనులో వచ్చు పలుకునకు ఆ విస్తరి లేదు, ఆ మూట లేదు. చెప్పినవాడెవడో, ఎందుకు చెప్పెనో, ఎవరిని చూచి చెప్పెనో తెలియదు. పది లేక పదునైదు క్షణముల దృశ్యము, వెనుక కథ లేకుండ, ముందు కథ లేకుండ వచ్చి పడును. ప్రకరణము తెగిపోయిన మాట తేలికయగును. తేలికయైనది దూరము పోవును. వ్యాప్తికి హేతువైన గుణమే అర్థసందిగ్ధతకును హేతువగుచున్నదని నా సిద్ధాంతము.

6. పరభాషల నడుమ

ఈ చిక్కు తెలుగునాట నివసించువారికంటె మనకు ఎక్కువ. ఏలయన, ఈ పలుకు మన పిల్లల చెవికి తెలుగునుండి మాత్రమే రాదు.

హిందీలో ఈ పలుకు వంగుట యను అర్థము గల ‘ఝుక్’ ధాతువుతో ప్రచారము పొందినది. ఆ భాషలో జ్వరము దిగును, వెల తక్కువగును. వంగునది మనిషియో కొమ్మయో మాత్రమే. మీదుమిక్కిలి హిందీ వాక్యములో ‘నేను’ అను కర్త చేరినాడు. ఆ కర్తకు క్రియ సరిగా అన్వయింపదు. ‘ఝుకూంగా’ అనవలసిన చోట ‘ఝుకేగా’ అనిరి. నాయకుని పల్లెమాటను సూచించుటకు యాసకు మారుగా వ్యాకరణ దోషమును వాడినారని నాకు తోచుచున్నది. ఎట్లయినను తెలుగులోని పలు దారులలో ఒక్కటియే హిందీలో నిలిచినది. షోలాపురము, భివండి మొదలగు చోట్ల హిందీ మరాఠీల నడుమ పెరుగు మన పద్మశాలి కుటుంబముల పిల్లలు ఈ హిందీ రూపమునే ముందు వినినచో, తెలుగు మాటకును ఆ ఒక్క అర్థమునే అంటగట్టుట సహజము.

తమిళమున వెల మొదలగునవి తగ్గుటకు ‘కుఱై’ అనియు, లొంగుటకు ‘పణి’, ‘అడంగు’ అనియు వేరువేరు ధాతువులున్నవి. తమిళమున చదువుకొనుచున్న మా పిల్లవాని మనస్సులో జ్వరమునకు ఒక మాట, పౌరుషమునకు వేరొక మాట స్థిరపడినవి. తెలుగు ‘తగ్గు’ వానికి పౌరుషపు అరలోనే చేరినది. సినిమా దానిని అచ్చటనే చేర్చినది. జ్వరమునకును ఇదే మాట చెల్లునని వానికి తోచకపోవుటకు కారణమిదియే గాని బుద్ధిమాంద్యము కాదు. కన్నడమున మాత్రము ‘తగ్గు’ ధాతువే కలదు. ‘తగ్గోదే ఇల్ల’ యనిన వాక్యనిర్మాణము సయితము చెడదు. బళ్ళారి, కోలారు మండలముల మనవారికి ఈ విషయమున మాకంటె సౌకర్యము ఎక్కువ.

కావున ఒకే పలుకు ఒక్కొక్క రాష్ట్రములోని తెలుగు పిల్లవానికి ఒక్కొక్క కొలతలో అందుచున్నది. పలుకు వచ్చినది గదా, తెలుగు నిలిచినది గదా యని మనము సంతోషింతుము. వచ్చినది పలుకే, దాని వెనుకనున్న బంధువర్గము, అనగా జ్వరము, వాన, వెల, వినయము మొదలగు వాడుకలు, పిల్లవానితో రాలేదు.

7. మునుపటి పలుకులు, నేటి పలుకులు

నాటకములనుండి, చిత్రములనుండి మాటలు జనుల నోటికెక్కుట పూర్వమును కలదు. గురజాడవారి ‘కన్యాశుల్కము’ 1892లో తొలుత ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో క్రొత్తరూపము దాల్చినది. అందలి గిరీశము పలుకుబడులు ఇప్పటికిని మన సంభాషణలలో వినబడును. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రమునకు పింగళి నాగేంద్రరావుగారు వ్రాసిన మాటలలోని ‘వీరతాడు’, ‘తస్మదీయులు’ అనునవి నేటికిని పత్రికలలో వ్యంగ్యముగా వాడబడుచున్నవి. కాని ఆ మాటలను వాడువారు నాటకమును చదివినవారో, చిత్రమును ఆద్యంతము చూచినవారో. లేనిచో చూచినవారి యొద్ద కూర్చుండి వినినవారు. ‘వీరతాడు’ అనినప్పుడు అచ్చటి రాక్షస పరివారము, అచ్చటి హాస్యము స్ఫురించును. మాటతోపాటు కథయు నడచివచ్చెడిది.

నేడు కథ వెనుకబడి మాట ముందు వచ్చుచున్నది. మా తరగతిలో ‘తగ్గేదే లే’ యను పిల్లలలో సగముమంది ఆ చిత్రమును చూడనేలేదు. పుష్పరాజునకు ఇంటిపేరు లేదన్న సంగతియే వారికి తెలియదు. ఆ సంగతి తెలియనివానికి ఈ పలుకు వట్టి మొండితనముగానే తోచును. దీనబలహీనుని నోట పుట్టిన మాట బలవంతుని ప్రకటనగా మారుట నాకు అన్నింటికంటె ఎక్కువ నష్టముగా తోచుచున్నది. తరగతిలో తనకంటె చిన్నవానిని పక్కకు నెట్టి, గడ్డము క్రింద చేయి త్రిప్పు బాలుడు, తనకు తెలియకయే, పుష్పరాజు పక్షమున గాక పుష్పరాజును అవమానించినవారి పక్షమున నిలుచుచున్నాడు.

ఇంకొక విశేషము. 2013లో వచ్చిన ‘అత్తారింటికి దారేది’ చిత్రములో ఇదే ధాతువుతో వేరొక మాట ప్రసిద్ధమయినది. గెలుచుట కాదు, ఎచ్చట ఒదిగియుండవలెనో ఎరుగుటయే గొప్పతనమని దాని భావము. వేమనయు, చిన్న అద్దమున పెద్దకొండ చిన్నదిగా కనబడుటను చూపి, తగని చోట తగ్గియుండుట కొరత కాదని బోధించినాడు. తగ్గుమను మాటను, తగ్గవలదను మాటను ఒకే జాతి ఒకే విధముగా ప్రేమించినది. ఇది చాపల్యము కాదు. తగ్గవలసిన చోటు, తగ్గరాని చోటు వేరువేరుగా నున్నవని జాతికి తెలియును. ఆ చోటులను గుర్తించు జ్ఞానమునే ప్రాచీనులు ఔచిత్యమనిరి.

8. కర్తవ్యము

ఇట్టి పలుకులను బడిలో నిషేధింపవలెనని కొందరు సహోపాధ్యాయులు వాదించిరి. నాకది సమ్మతము కాదు. మా పిల్లలు స్వేచ్ఛగా, సంతోషముగా పలుకు తెలుగు మాటలే కొద్ది. వానిలో ఒకదానిని మనమే నోరుమూయించుట కూడదు. పిల్లలు పలుకుచున్నారు గదా, అదియే పదివేలని ఊరకుండుటయు నాకు సమ్మతము కాదు. మొదటిది మాటను చంపును. రెండవది అర్థమును చంపును.

అవ్వ వచ్చి అడిగిన మరుసటి వారము నేను నల్లబల్లమీద ఈ పలుకును, ‘లే’ తోనే, వ్రాసి పిల్లలను రెండు ప్రశ్నలడిగితిని: తగ్గనిది ఏది? ఎవరికి తగ్గదు? ఒక్కొక్కరు తమ ఇంటి సంగతిని కర్తగా చేర్చి వాక్యమును పూరింపవలెనంటిని. ధర అని ఒకడు, వాన అని ఒకతె, మా అమ్మ కోపమని ఇంకొకడు వ్రాసిరి. తరగతి నవ్వుచున్నది. వెనుక వరుసలోని ఒక బాలిక, "మా నాయన అప్పు తగ్గేదే లే" అని వ్రాసెను. నవ్వు ఆగిపోయినది. ఆ దినమున ఆ తరగతి నేర్చుకొన్నంత తెలుగు నేను సంవత్సరమంతయు వ్యాకరణము చెప్పినను నేర్పియుండను. అదే మాట వీరుని నోట గర్వము, అప్పుల ఇంట దుఃఖమని వారికి ఎవ్వరును వివరింపవలసిన పని లేకపోయెను.

కార్డు సంగతి చెప్పవలసి యున్నది. పది దినములకు కుప్పమునుండి బదులు వచ్చెను. వణకు అక్షరములతో తాత మనుమనికి వ్రాసినది రెండే వాక్యములు: "జరం తగ్గింది నాయనా. నేను మాత్రం తగ్గలే." ఆయన ఐదవ తరగతికి మించి చదివినవాడు కాడని పిదప తెలిసినది. ధాతువు యొక్క రెండర్థములను వేరుచేసి, రెంటికిని కర్తలను చూపి, మనుమని మాటను చిన్నబుచ్చక, నా దిద్దుబాటును మన్నించి, తన ఇంటి ‘లే’ను తిరిగి నిలిపినాడు. ఆ కార్డును బాలుని అనుమతితో తరగతి గోడకు అంటించితిమి.

మన సంఘములకు నా విన్నపమొక్కటి. వివిధ రాష్ట్రములలోని మనవారి ఇండ్లలో ఇట్టి పలుకులు ఏ రూపమున, ఏ అర్థమున వినబడుచున్నవో పిల్లలచేతనే వ్రాయించి కూర్పవలెను. బరంపురములోని బాలిక ఓడ్రభాష నడుమ ‘తగ్గు’ను ఎట్లు వాడుచున్నది? యానాములోని బాలుడు, బళ్ళారిలోని బాలుడు ఎట్లు వాడుచున్నారు? ప్రతి పలుకు ప్రక్కన ఇంటిలోని పెద్దలు అదే మాటను వాడు రెండు వాక్యములను చేర్చవలెను. ఇందులకు ధనము అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, అవ్వ తాతల ప్రక్కన కూర్చుండుటకు ఒక సాయంకాలము చాలును. సేకరించినవారు తమ వ్రాతలను వచ్చు సంచిక నాటికి పంపినచో, వానిని సరిపోల్చి వ్రాయు భారమును నేను వహింతును.